మిద్దె అయిందని చెప్పే మనిషి

మిద్దె మీద గచ్చు కొట్టే ఆడవాళ్ళను రోడ్డు మీద పోయేవాళ్ళు చూడరు. చప్పుడు వింటారు, తల పైకెత్తుతారు, ఎండ కళ్ళల్లో పడగానే దించుకుంటారు. పట్నంలో ఇన్ని మిద్దెలు వానకు కారకుండా నిలబడ్డాయంటే అదేదో దేవుడి దయ అనుకునేవాళ్ళే ఎక్కువ. దేవుడికి దయ ఉండొచ్చు గానీ, పాలమూరు ఆడవాళ్ళకున్నంత ఓపిక ఉందని మాత్రం చెప్పలేం.

కాచిగూడ స్టేషనుకు కూతవేటు దూరంలో కొత్తగా లేచిన ముసాఫిర్‌ఖానా సత్రం మిద్దె మీద ఆ గురువారం పద్నాలుగు మంది వరుసగా గొంతుక్కూర్చుని గచ్చు కొడుతున్నారు. అందరూ కోస్గి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఏటేటా జొన్నకోతలు కాగానే మూటాముల్లే కట్టుకుని, రెండు రోజులు నడిచి, జడ్చర్లలో బండెక్కి పట్నం వస్తారు. తొలకరికి మళ్ళీ ఊళ్ళో ఉంటారు. నడుమ ఆరు నెలలూ ఎవరి నెత్తిమీదో కప్పు గట్టిపరుస్తూ, తాము మూసీ ఒడ్డున తాటాకుల కింద పడుకుంటారు.

ఇటుక ముక్కలూ డంగు గానుగలో నూరిన సున్నమూ కలిపి పరిచిన కప్పు అది. చేతిలో బల్లపరుపు చెక్క పట్టుకుని, బెల్లం కరక్కాయ నానిన నీళ్ళు చల్లుకుంటూ దాన్ని రోజుల తరబడి కొట్టాలి. మొదటి రోజు చెక్క దిగబడుతుంది. రెండో రోజు అంటుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడో ఎగిరిపడడం మొదలుపెడుతుంది, చప్పుడు మారుతుంది. పచ్చిగచ్చు చప్పుడు మెత్తగా ఉంటుంది, అయిన గచ్చు కంచు చెంబులా మోగుతుంది. అంతవరకు ఎవరైనా పోల్చుకుంటారు. కానీ ఏదో ఒక మూల అరచెయ్యంత మేర లోపల పచ్చిగా ఉండిపోతుంది, దాన్ని పట్టే చెవి ఏ గుంపులోనైనా ఒక్కరికే ఉంటుంది. ఆమే వరుస మొదట కూర్చుంటుంది, పాట ఎత్తుతుంది, ఆఖరున చెక్కతో అక్కడక్కడా తట్టి చూసి "అయింది" అంటుంది. ఆమె అనేదాకా మేస్త్రీ కూడా చెక్కలు ఎత్తమనడు.

ఈ గుంపులో ఆ మనిషి గుర్వమ్మ. యాభై దాటిన కురుమామె, మొగుడు లేడు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె అయిందన్న మిద్దె ఏదీ కారలేదు. గుంపు మేస్త్రీ పర్వతాలు ఆమెకు మరిది. అతను భయపడేది ఇద్దరికే, పైన మైసమ్మకూ ఇక్కడ వదినకూ.

"రాయి కావే సున్నమా" అని గుర్వమ్మ ఎత్తింది.

"రాయి కావే" అని పదమూడు మంది అందుకున్నారు. పద్నాలుగు చెక్కలు ఒక్కసారే పడ్డాయి.

అందుకున్నారని గుర్వమ్మకు నోళ్ళు కదలడం వల్ల తెలిసింది. చెక్కలు ఒక్కసారే పడ్డాయని కళ్ళతో చూసి తెలుసుకుంది. ఆమె చెవులకు ఏమీ వినబడలేదు.

కుడిచెవి ఎప్పుడో మందగించింది. ఎడమచెవి పోయిన వానకాలంలో దూది కూరినట్టయి, దసరా నాటికి పూర్తిగా మూసుకుపోయింది. చెక్క పట్టినోళ్ళ చెవులు చెక్కే తింటుందని ఆమె అత్త అనేది. తినేది తిన్నది, ఎవరికీ చెప్పకుండా ఉంటే చాలునని గుర్వమ్మ ఒట్టు పెట్టుకుంది. చెవి లేదని తెలిస్తే పాట పోతుంది. పాట పోతే ఈ వయసులో గంపలు మోయలేదు కాబట్టి పర్వతాలు ఆమెను ఊళ్ళోనే వదిలేసి వస్తాడు. మేకల వెంట తిరుగుతూ, పట్నం బండి పోయిందా వచ్చిందా అని అడుగుతూ బతకాలి.

అందుకే మనుషుల పెదవులు చూడడం నేర్చుకుంది. పాట ఎత్తడానికి మాత్రం ఒక అదృష్టం కలిసొచ్చింది. వరుసకు తోకన కూర్చునే బిక్షమ్మకు ఒక పాడు అలవాటు ఉంది. అందరి చెక్కలూ మూరెడే లేస్తే, చరణం తెగే దగ్గర ఆమె చెక్క ఇంకో జానెడు పైకి లేస్తుంది. అంత దూరం నుంచి కూడా అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అది దిగగానే గుర్వమ్మ మరో చరణం ఎత్తుతుంది.

బిక్షమ్మ మాదిగామె. మొగుడు ఇస్రాయేలు కింద డంగు దగ్గర సున్నం నూరుతాడు. మిషను దొర చేత బాప్తిస్మం తీసుకుని ఇద్దరూ యేసయ్యను నమ్ముకున్నారు గానీ, వరుసలో ఆమె జాగా మాత్రం మారలేదు. ఏడేళ్ళుగా తోకనే. బెల్లంనీళ్ళ కుండ ఆమె ముట్టుకోకూడదు. పర్వతాలు పెండ్లాం సోమమ్మ లేచి వెళ్ళి, పైనుంచి ఆమె దోసిట్లో పోసి వస్తుంది. ఇందులో తప్పేదైనా ఉందని గుర్వమ్మకు ఎన్నడూ తోచలేదు. తోచకపోవడానికి చెవితో పని లేదు, అప్పుడు చెవులు బాగానే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా ఓవర్సీరు జలీల్ సాబు గొడుగు వేసుకుని మిద్దె ఎక్కాడు. మంచివాడే, కానీ నిలబడిన చోట నిలబడలేని మనిషి.

"క్యా గుర్వమ్మా, అయిందా లేదా? రేపు జుమ్మా, పని లేదు. ఎల్లుండి నీళ్ళు నింపి కారుతదేమో చూద్దాం. పెద్ద ఇంజినీరు సాబు చూడ్డానికి వస్తడు."

పెదవులు చదివింది గుర్వమ్మ. గడ్డం అడ్డం వచ్చినచోట ఊహించుకుంది. లేచి చెక్క పట్టుకుని మిద్దె చుట్టూ తిరిగింది. ఇక్కడ ఒక దెబ్బ, అక్కడ ఒక దెబ్బ. చెక్క ఎగిరిపడుతోంది. రంగు తేరింది. మొదలుపెట్టి ఏడు రోజులయింది. ఇంత మిద్దెకు ఏడు రోజులు సరిపోవాలి. వినాల్సిన చోట ఆమె లెక్క కట్టింది. ముప్పై ఏళ్ళ పనిలో ఆమె చేసిన మొదటి తప్పు అది.

"అయింది" అంది.

చెక్కలు లేచాయి. అందరూ నడుములు పట్టుకుని నవ్వుకుంటూ లేస్తుంటే బిక్షమ్మ ఒక్కతే లేవలేదు. పడమటి మూల నీళ్ళు పోయే తూము దగ్గర నేలను చూస్తూ కూర్చుంది. తర్వాత తల ఎత్తి గుర్వమ్మ వైపు చూసింది. ఆ చూపు గుర్వమ్మకు నచ్చలేదు.

*

శుక్రవారం నాడు కొత్తగా వచ్చినవాళ్ళకు పట్నం చూపించడం గుర్వమ్మకు అలవాటు. నలుగురూ చూపించే పట్నం కాదది. ఏ నవాబు ఎక్కడుంటాడో, ఏ దుకాణంలో ఏం దొరుకుతుందో ఆమెకు పట్టదు. ఆమె పట్నమంతా మిద్దెలే. ఏ మిద్దె ఎన్నాళ్ళు కొట్టారు, ఎవరు పాట ఎత్తారు, ఎండ ఎలా కాసింది, అదీ ఆమె చెప్పే చరిత్ర. రాయించిన పుస్తకాల్లో ఉండే చరిత్ర కంటే అందులో అబద్ధాలు తక్కువని నా నమ్మకం.

ఈ ఏడు కొత్తగా వచ్చిన ఇద్దరు పడుచులు చేతులు పట్టుకుని ఆమె వెంట నడిచారు. వెనక పది బారల దూరంలో బిక్షమ్మ కూడా వచ్చింది. ఏడేళ్ళలో ఆమె ఈ నడకకు రావడం ఇదే మొదలు. ఎందుకొస్తున్నావని గుర్వమ్మ అడగలేదు, అడిగితే జవాబు వినాల్సి ఉంటుంది.

చాదర్‌ఘాట్ దగ్గర తెల్లటి స్తంభాల కోఠీ కనిపించగానే పడుచులు ఆగిపోయారు.

"గది రెసిడెంటు దొరది" అంది గుర్వమ్మ. "దాని మీద మనం కొట్టలే. మన అవ్వలకు అవ్వలు కొట్టిన్రో, ఇంకెవలు కొట్టిన్రో. అడుగుదామంటే చెప్పెటోళ్ళు లేరు."

గౌలిగూడ దాటి అఫ్జల్‌గంజ్ చేరేసరికి మూసీ ఒడ్డున పెద్ద దవాఖాన లేచి నిలబడింది. గుమ్మటాల మీద పొద్దుటి ఎండ మెరుస్తోంది. ఇన్నేళ్ళయినా దాని ముందుకొస్తే గుర్వమ్మకు నడక నెమ్మదిస్తుంది. ఎంత పెద్ద ఇల్లు కట్టారు, ఎవరి కోసం కట్టారు, రోగమొచ్చిన బీదాబిక్కీ కోసం. ఆ ఒక్క మాటకే ఆమెకు సర్కారు మీద సగం కోపం పోతుంది.

"చూడుండ్రి పిల్లా. గుమ్మటాల మీద మొగోళ్ళు నడుముకు తాడు గట్టుకోని గచ్చు పామిన్రు. కింది మిద్దెలు మనయి. గా తూర్పుదిక్కు మిద్దె పదకొండు దినాలు కొట్టినం. ఏడో దినాన మబ్బుపట్టింది. చినుకు పడితే అంత ఆగమే. చీరెలు ఇప్పి కప్పినమనుకో, ఒంటి మీద రైకలు, లోపలి పావడలు, గంతే. ఇంజినీరు సాబు మెట్లెక్కొచ్చి చూసి, కండ్లు మూసుకోని మల్ల దిగిపోయిండు."

పడుచులు పడీపడీ నవ్వారు. గుర్వమ్మ నదికి అవతల ఎర్రగా నిలబడ్డ హైకోర్టు వైపు చెయ్యి చూపించింది.

"గా కచేరి కాడ మా అత్త పాటెత్తింది. నేను తోకల ఉంటి. మూడో ఏటికి నడుమకొస్తి, ఆరో ఏటికి అత్త పక్కకొస్తి. ఎవలైనా తోకల్నుంచే రావాలె. అదే రివాజు."

ఆ మాట అన్నాక వెనకున్న మనిషి గుర్తొచ్చింది. తిరిగి చూడలేదు.

నయాపూల్ మీద బిక్షమ్మ దగ్గరికి వచ్చింది. పిట్టగోడ మీద చెయ్యి వేసి, నీళ్ళు చిక్కిపోయిన నదిని చూస్తూ పడుచులతో చెప్పసాగింది.

"మా అమ్మ చెప్పేది. తుగ్యానొచ్చి మూసీ పొంగిన ఏడు, నీళ్ళు పోయినంక బురద ఎత్తనీకె మా వాడకట్టు వాడకట్టునే తోల్కొచ్చిన్రంట. గీ ఒడ్డు పొంటి కోల్సావాడి అని బస్తీ ఉండెనంట. ఇండ్లు లేవు, గోడలు లేవు. మా అమ్మకు మూడు పొయ్యిరాళ్ళు దొరికినయంట, మసి కూడ పోలేదంట. గవి ఒడ్డు మీద పెట్టి మొక్కి, మల్ల బురద ఎత్తిందంట. దవాఖానకు పునాది తవ్వేటప్పుడు గూడ మావోళ్ళే." ఆగి, గుర్వమ్మ వైపు తిరిగింది. "నువ్వు పైన జూసినవు పెద్దక్కా, మేము కింద జూసినం. గంతే కదా?"

గుర్వమ్మ నదిని చూస్తోంది. అందరూ తనవైపు తిరగడం చూసి, ఏదో అడిగారని గ్రహించి తలూపింది.

"ఆఁ, మస్తు ఎండ గొడతాంది" అంది.

పడుచులు మొహమొహాలు చూసుకున్నారు. బిక్షమ్మ నవ్వలేదు. "మీరు పోయి పత్తర్‌గట్టి కాడ అత్తరు దుకాన్లు సూస్తుండుండ్రి, మేమొస్తం" అని వాళ్ళను పంపేసింది. తర్వాత గుర్వమ్మ ఎదురుగా, ఎండ తన మొహం మీద పడేలా నిలబడింది. ఒక్కో మాటా విడదీసి, పెదవులు బాగా కదిలిస్తూ చెప్పింది.

"నీకు ఇనవడతలేదని నాకు ఎరికే. పట్నమొచ్చిన మొదటి దినం నుంచి ఎరికే."

గుర్వమ్మ చప్పున పిట్టగోడ పట్టుకుంది.

"ఎవలన్నరు?"

"ఎవలనలే. పాట తెగినంక నువ్వు జర ఆగుతుండె. వరుస చెడుతుండె. అందుకే నేను చెక్క పైకి లేపుడు పెట్టిన. నువ్వు దాన్ని చూసి ఎత్తుకుంటున్నవు."

పాడు అలవాటు అనుకున్నది అదా. నాలుగు నెలలుగా, ఎండలో, చరణం చరణానికీ ఒక జానెడు ఎక్కువ ఎత్తి కొట్టిన చెయ్యి అది. సాయంత్రానికి ఆ భుజం ఎంత నొప్పి పుట్టి ఉంటుందో చెక్క పట్టిన మనిషికి వేరే చెప్పనక్కరలేదు. గుర్వమ్మ ఆ భుజం వైపు చూసి చూపు తిప్పుకుంది.

"తూము కాడ కాలేదు" అంది బిక్షమ్మ. "రెండు చోట్ల పచ్చిగున్నది. ఇంక రెండు దినాలు కొట్టాలె. నీళ్ళు నింపితే దిగుతయి. ముసాఫిర్లు పండే జాగా అది, మనసొంటోళ్ళే పంటరు."

"మరి నిన్ననే చెప్పకపోతివి?"

"తోకల కూసున్నదాని మాట ఎవలింటరు పెద్దక్కా? నువ్వు అయిందన్నంక నేను కాలేదంటే నీ పరువు పోతది, నా పని పోతది. రేపు నీళ్ళు నింపకముందు ఇంకోమాటు జూస్త అను. నువ్వు తట్టుకుంట రా. పచ్చిగున్న కాడ నేను చెక్క ఎత్తి పట్టుకుంట. నువ్వే కాలేదని చెప్పు. ఎవలకు తెల్వది."

మేలు చేసేవాళ్ళ మీద వచ్చినంత కోపం కీడు చేసేవాళ్ళ మీద రాదు. గుర్వమ్మ మొహం ఎర్రబడింది.

"నీతోని చెప్పిచ్చుకునే గతి పట్టిందా నాకు?" అంది. చెవిలేనివాళ్ళ గొంతు కాబట్టి అది అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. టాంగా తోలేవాడు తిరిగి చూశాడు. ఆమె కొంగు బిగించి ముందుకు నడిచిపోయింది.

పత్తర్‌గట్టి కమానుల కింద జనం కిక్కిరిసి ఉన్నారు. ఇన్ని నోళ్ళు, ఇన్ని బండ్లు, చప్పుడు మాత్రం లేదు. అత్తరు దుకాణాల దగ్గరున్న పడుచులను దాటుకుని ఒక్కతే చార్మినారు కిందికి వచ్చి నిలబడింది. వచ్చిన ప్రతి ఏడూ చూసేదే, అయినా ప్రతి ఏడూ తల దానంతటదే పైకి లేస్తుంది. నాలుగు మినార్లు, వాటి మీద సున్నంతో తీర్చిన పూలు, తీగెలు. మూడు వందల ఏళ్ళు దాటిందంటారు. ఎన్ని వానలు, ఎన్ని తుగ్యాన్లు. గుర్వమ్మ స్తంభం మీది గచ్చుకు అరచెయ్యి ఆనించింది. చల్లగా, నున్నగా, ఎక్కడా చెక్కుచెదరకుండా ఉంది.

ఇది అయిందని చెప్పిన మనిషి ఎవరో. ఆడదో మగవాడో, ఏ కులమో, ఏ ఊరో. దీనికీ ఒక ఓవర్సీరు ఉండే ఉంటాడు, తొందర పెట్టే ఉంటాడు. కాలేదు, ఇంకా కొట్టాలని ఎవరో మొండికేసి ఉంటారు. ఆ మొండితనమే ఇవాళ తన చేతికింద ఇంత చల్లగా నిలబడి ఉంది. తాను నిన్న మొండికెయ్యలేదు. పరువు కోసం అయిందంది. అంత గొప్ప కట్టడం కింద నిలబడి గుర్వమ్మకు సిగ్గేసింది, కళ్ళు చెమ్మగిల్లాయి.

పడుచులను ముందు నడవనిచ్చి తిరిగి వచ్చేటప్పుడు నయాపూల్ దగ్గర బిక్షమ్మ అక్కడే కూర్చుని ఉంది. గుర్వమ్మ ఆగకుండానే, ముందుకు చూస్తూనే అంది.

"రేపు చెక్క ఎత్తు."

*

శనివారం పొద్దున భిస్తీలు నీళ్ళ తిత్తులు భుజానేసుకుని మెట్ల కింద నిలబడ్డారు. తూముకు బంకమట్టి పెట్టి మూశారు. జలీల్ సాబు గడియారం చూసుకుంటున్నాడు.

"జర ఆగుండ్రి సాబు" అంది గుర్వమ్మ. "ఇంకోమాటు జూస్త."

"మొన్ననే అయిందంటివి కదా."

ఆ మాట ఆమె చూడనట్టే ఉండిపోయింది. చెక్క పట్టుకుని తూర్పు నుంచి తట్టుకుంటూ బయలుదేరింది. బిక్షమ్మ తన జాగాలో కూర్చుని చెక్క ఒళ్ళో పెట్టుకుంది. పడమటి మూలకు వచ్చేసరికి ఆ చెక్క లేచింది. గుర్వమ్మ అక్కడ బొగ్గుతో గుండ్రంగా గీసింది. నాలుగడుగులు ముందుకు వెళ్ళి తట్టింది, మళ్ళీ లేచింది. మళ్ళీ గీసింది.

"కాలేదు. గీ రెండు చోట్ల పచ్చిగున్నది. రెండు దినాలు కొట్టాలె."

జలీల్ సాబు నమ్మలేదు. పర్వతాలు తాపీతో గీతలో కొద్దిగా తవ్వి చూశాడు. రెండు వేళ్ళ లోతున సున్నం వెన్నలాగా మెత్తగా తాపీకి అంటుకుని వచ్చింది. సాబు గొడుగు మూసేసి ముసలామె ముందు నిలబడ్డాడు.

"సుబ్హానల్లా. ఏం చెవి నీది గుర్వమ్మా! పెద్ద ఇంజినీరు సాబుకు చెప్తా. మంగళవారం దాకా టైము తెస్తా. గిసొంటి చెవి పట్నం మొత్తంల ఉండదు."

సోమమ్మ గర్వంగా వరుసంతా కలియజూసింది. పర్వతాలు మీసం దువ్వుకున్నాడు. ఇద్దరు పడుచులు గుర్వమ్మను దేవతను చూసినట్టు చూశారు. బిక్షమ్మ తల వంచుకుని చెక్కకు అంటిన సున్నం గోకుతోంది. పొగడ్త ఎప్పుడూ తియ్యగానే ఉంటుందంటారు గానీ, గుర్వమ్మకు అది గొంతు దిగలేదు.

పని మొదలైంది. తాపీ గెలికిన చోట కొత్త సున్నం వేసి, నీళ్ళు చల్లి, కొట్టడం. జలీల్ సాబు దిగిపోతూ పర్వతాలుతో ఏదో అన్నాడు. పర్వతాలు వరుస వెనక నడుస్తూ వచ్చి తోకన ఆగాడు.

"బిక్షమ్మా, నీ చెక్క అందరికన్న పైకి లేస్తాంది. సాబు జూసిండు. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ పడితే గచ్చు పచ్చిగుంటదంట. నువ్వు కొట్టిన కాడనే కదా కాలేదు. లే, ఇప్పటిసంది గంప పట్టు. తోకల ఇంకొకల్లను పెడత."

గుర్వమ్మకు మాటలు తెలియలేదు. పర్వతాలు వీపు ఇటువైపు ఉంది. అతను చెక్క ఎత్తినట్టు చెయ్యి పైకి లేపి చూపించడమూ, బిక్షమ్మ మొహమూ మాత్రం కనబడ్డాయి. ఆమె ఒక్క మాట చెప్తే చాలు. ఎందుకు ఎత్తుతున్నదో చెప్తే చాలు. చెప్పలేదు. చెక్క నేల మీద బోర్లా పెట్టి, లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, సున్నం గంపల వైపు నడిచింది.

గుర్వమ్మ పాట కోసం వరుస ఎదురుచూస్తోంది. ఎత్తింది. నోళ్ళు కదిలాయి. చెక్కలు లేచాయి, పడ్డాయి. పాట ఎక్కడ తెగిందో తెలియలేదు. తోకన ఖాళీ జాగా. ఆమె మళ్ళీ ఎత్తేసరికి సగం మంది ఇంకా పలుకుతున్నారు, సగం చెక్కలు ఒకసారి, సగం ఒకసారి పడ్డాయి. సోమమ్మ మొహం తిప్పి చూసింది.

మరోసారి అదే జరిగింది. ఇప్పుడు అందరూ చూశారు. ఏదో ఒకటి చెప్పొచ్చు. ఎండదెబ్బ అనొచ్చు, తల తిరుగుతోందనొచ్చు. పద్దెనిమిదేళ్ళ పేరు ఒక్క సాకుతో ఇంకొన్నాళ్ళు నిలబడుతుంది. కింద మెట్ల దగ్గర బిక్షమ్మ గంప నెత్తికెత్తుకోవడం కనబడింది. నొప్పి పుట్టిన భుజం వైపే ఒరిగి ఎత్తుకుంది.

గుర్వమ్మ చెక్క కింద పెట్టి లేచి నిలబడింది.

"పర్వతాలూ" అంది. "నాకు చెవులు ఇనవడవు."

మిద్దె మీద కదలిక ఆగింది. కింద నిలబడ్డ భిస్తీలు కూడా తలలెత్తారు. ఎంత గట్టిగా అన్నదో ఆమెకు తెలియదు.

"దసరా నుంచే లేవు. మొన్న అయిందని ఉత్తగనే అన్న. ఇయ్యాల కాలేదని చెప్పింది నేను గాదు, గామె. గామె చెక్క ఎత్తి చూపిస్తే నేను గీత గీసిన. ఇన్ని దినాల సంది పైకి ఎత్తి కొట్టింది గూడ నా కోసమే. సాబు పొగిడిన చెవి గామెది."

గుర్వమ్మ తాను కూర్చునే గోనెపట్ట తీసి దులిపి, వరుస వెంట నడిచి తోకన పరిచింది. అక్కడున్న బిక్షమ్మ గోనె తీసుకుని తిరిగొచ్చి మొదటి జాగాలో పరిచింది. గంప దింపిన బిక్షమ్మ మెట్ల మీదే నిలబడిపోయింది.

సోమమ్మ లేచింది.

"ఏందక్కా ఇది? మాదిగామె పాటెత్తితే మేము పలుకుతమా? ఊళ్ళె తెలిస్తే కులపోళ్ళు ఏమంటరు?"

గుర్వమ్మ ఆమె పెదవులనే చూసింది. ప్రతి అక్షరమూ తెలిసింది.

"పలుకకుంటే పలుకకు. ఉత్తగ కొట్టు. నాకు ఎట్లైనా ఇనవడది" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. గుర్వమ్మ తోకకు పోయి కూర్చుంది. ఇద్దరు పడుచులు ముందుగా కూర్చున్నారు, ఆ తర్వాత మిగతావాళ్ళు. సోమమ్మ అందరికంటే ఆఖరున, మొహం పక్కకు పెట్టుకుని కూర్చుంది. బిక్షమ్మ వచ్చి మొదటి జాగాలో కూర్చుని పాట ఎత్తింది. ఆమె ఏం పాడిందో గుర్వమ్మకు తెలియదు. అరికాళ్ళ కింద మిద్దె అదరడం మాత్రం తెలిసింది. పద్నాలుగు చెక్కలు ఒక్క చెక్కలాగా పడుతున్నాయి. ఇంత కుదురుగా తన కాలంలో పడ్డాయా అనుకుంది, పడలేదని తనే ఒప్పుకుంది.

*

సోమవారం పొద్దు వాలేసరికి అందరికీ అయిందనే అనిపించింది. జలీల్ సాబు వచ్చాడు. మేస్త్రీ ఎవరి వైపు చెయ్యి చూపించాడో చూసి కనుబొమలు ఎగరేశాడు గానీ, ఆయనకు కావలసింది కారని మిద్దె. బిక్షమ్మ లేచి తట్టుకుంటూ వెళ్ళింది. తూము దగ్గర మోకాళ్ళ మీద వంగి, చెంప దాదాపు గచ్చుకు ఆనించి విన్నది. ఇంత సన్నంగా వినడం గుర్వమ్మ అత్తలో కూడా చూడలేదు.

"కాలే సాబు" అంది బిక్షమ్మ.

"అరే, పొద్దు గుంకుతాంది. రేపు ఇంజినీరు సాబు..."

"రేపు పగటీలికి ఐతది. ఇప్పుడు కాలే."

ఏడేళ్ళలో ఒక ఓవర్సీరు మొహం చూసి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. మాట వణకలేదని పక్కవాళ్ళు తర్వాత చెప్పారు. గుర్వమ్మ తోకన కూర్చుని ఆ పెదవులను చూసింది. ఆమె గుండె పొంగింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ చూడకుండా, హాయిగా నవ్వుకుంది.

మంగళవారం మధ్యాహ్నం బిక్షమ్మ "అయింది" అంది. భిస్తీలు మోకాలి బంటి నీళ్ళు నింపారు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచారు. పెద్ద ఇంజినీరు కింద గదులన్నీ తిరిగి, తల వెనక్కి వాల్చి కప్పంతా వెతికి, తూము కింది మూలలో సున్నం గోడకు చేతి రుమాలు అద్ది చూశాడు. రుమాలు పొడిగా ఉంది. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పని అయిపోయినట్టే. ఒక మిద్దె అయ్యాక, పాట ఎత్తే ఆమె వచ్చే ఏటి వరుసకు పేర్లు చెప్పడం ఆ గుంపులో రివాజు. ఆమె నోట పేరు రానివాళ్ళకు జడ్చర్లలో బండెక్కే పని లేదు. అందరూ మిద్దె మీద కూడారు. తూము తెరిచేసరికి నీళ్ళు గలగలా పోతున్నాయి, కడిగిన గచ్చు అద్దంలా మెరుస్తోంది. దూరంగా మూసీ అవతల మినార్లు కనిపిస్తున్నాయి.

పర్వతాలు బిక్షమ్మ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, వదిన వైపు చూడకుండా ఏదో చెప్పాడు. వీపు తిప్పి చెప్పినా గుర్వమ్మకు తెలిసిపోయింది. ముసలిది, చెవుల్లేవు, వచ్చే ఏడు ఎందుకు. మరిది తప్పేం లేదు, తానైనా అదే చెప్పేది. ఆమె పిట్టగోడ పక్కన నిలబడి చూడగలిగినంత పట్నం చూసుకుంది. దవాఖాన గుమ్మటం, హైకోర్టు, పొగలో కాచిగూడ స్టేషను. కళ్ళు తుడుచుకుని తిరిగేసరికి బిక్షమ్మ ఎదురుగా ఉంది, ఎండ మొహం మీద పడేలా.

"తోక నుంచి చెప్తున్న" అంది బిక్షమ్మ, ఒక్కో మాటా విడదీసి. "ముందుగాల నువ్వు."

గుర్వమ్మ ఆ పెదవులను నమ్మలేకపోయింది. ఇంకోసారి చెప్పమన్నట్టు చూసింది.

"నువ్వే పెద్దక్కా. తోకల. నేను ఏడేండ్లు కూసున్న జాగానే." బిక్షమ్మ తోక వైపు చెయ్యి చూపించింది. "పడమటి దిక్కు కదా, పొద్దు గుంకేదాంక ఎండంత మొఖం మీదనే కొడతది."

"ఎరికే" అంది గుర్వమ్మ.

ఆమెకు అది ఎరుకై నాలుగు రోజులే అయింది.